మోడెంలో మిగిలిన నంబరు

డయల్‌అప్ రోజుల మాట. సింగానల్లూరులో దిండిగల్ బస్సెక్కాను. కండక్టరుతో నేను మాట్లాడిన తమిళం వినగానే పక్కసీటు పెద్దాయన జాలిపడి తెలుగులోకి దిగాడు.

"మనవాళ్లేనా తంబీ?"

ఆయన ఒళ్లో తువ్వాలులో చుట్టిన మోడెం ఉంది. కంప్యూటరును ఫోను తీగకు కలిపే పెట్టె.

"చెడిపోయిందా అన్నా?"

"ఇది బాగానే ఉండాది. చెడింది నా తమ్ముడు. దీని బటన్ నొక్కితే మన సరుకు రేట్లు నేరుగా మిల్లుకు పోతాయని చెప్పి ఇందులో నంబరు పెట్టినాడు. అది వాడి కొత్త అంగడి నంబరు. నా రేట్లు చూసి, వాడు తగ్గించి మిల్లుకు ఇచ్చినాడు. నా అంగడి మూసేసినా. ఇది తప్ప సామానంతా అమ్మేసినా."

"ఆ నంబరింకా ఇందులోనే ఉందా?"

"కరెంటు తీసినా ఇది మరిచిపోదు తంబీ."

"కంప్యూటరుకు తగిలించి ఒక్క లైను టైపు కొడితే చెరిగిపోతుంది. నేను చేసిపెడతాను" అన్నాను. కంప్యూటర్లలో నాకు తెలిసింది ఆ ఒక్క లైనే.

ఆయన తువ్వాలును ఇంకాస్త బిగించాడు.

"వద్దు. వాడిప్పుడు నాతో మాట్లాడడు, నంబరు కూడా ఇయ్యలేదు. దీన్ని ఫోను తీగకు తగిలించి నొక్కితే మాత్రం, నేనని తెలిసేలోపల, ఇందులోంచి ఒకసారి 'హలో' అంటాడు."



దిండిగల్‌లో దిగేటప్పుడు మెట్ల మీద ఆయన తడబడ్డాడు. చెయ్యి చాపాను. సంచీ ఇచ్చాడు, చేతికర్ర ఇచ్చాడు. మోడెం మాత్రం ఇవ్వలేదు.