మెలానీ గారి చంటిబిడ్డ

మెలానీ గ్రిమోకి ఎవరి మీదా నమ్మకం లేదు. రైల్లో మూడో తరగతి పెట్టె ఎక్కేవాళ్ల మీద అసలే లేదు. ప్రతి శనివారం పొగబెట్టిన పంది తొడ ఒకటి పారిస్ తీసుకెళ్లి అమ్ముకునేది. దాన్ని పసిబిడ్డలా గుడ్డల్లో చుట్టి, లేసు టోపీ తొడిగి, ఒళ్లో వేసుకుని జోకొట్టేది. ఊపిరాడనంతగా మనుషుల్ని కుక్కిన ఆ పెట్టెలో చంటిబిడ్డను చూస్తే ఎవరో ఒకరు లేచి చోటిస్తారు. పారిస్ స్టేషన్లో మాంసానికి సుంకం వసూలు చేసేవాళ్లూ బిడ్డ జోలికి రారు.

ఆ రోజు ఎదురుగా కూర్చున్న పాదిరీ గాలి గట్టిగా పీల్చాడు. 'ఈయన పసిగట్టేశాడు' అనుకుని మెలానీ మూటను గుండెలకు హత్తుకుంది. పక్కనున్న లావుపాటాయన కుక్క మూటకేసే చూస్తూ చొంగ కారుస్తోంది.

"ఏమయ్యా, బిడ్డకి దిష్టి తగుల్తుంది! నీ కుక్కని అవతలికి లాక్కో!" అని కసిరింది.

పారిస్‌లో దిగాక, గేటు దగ్గర సుంకం గుమాస్తా ఎప్పటిలాగే టోపీ తీసి దారిచ్చాడు. లోకంలో ఇతనొక్కడే అమాయకుడు అనుకుంది మెలానీ.

అతను మూట మీదికి వంగి, మెల్లగా అడిగాడు:

"నేను ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ చూస్తున్నానమ్మా. నాకు పెళ్లయింది, మావాడు బడికి కూడా పోతున్నాడు. మీవాడేంటి, ఇంకా ఒళ్లోంచి దిగడు?"