గోవిందప్ప ఇంటి బాకా

ధర్మవరంలో పట్టుచీరలు నేసే గోవిందప్ప పాటంటే చెవి కోసుకునేవాడు. తను మాత్రం పాడలేడు. భజనలో కూడా తాళం వాయించడం వరకే. కానీ పక్క వీధిలో ఎవరైనా కూనిరాగం తీస్తే చాలు, అందులో తప్పు ఎక్కడ దొర్లిందో మగ్గం గుంటలోంచే చెప్పగలడు.

పాడే గొంతు అతని భార్య నరసమ్మది. పెళ్ళయిన కొత్తల్లో ఆమె రాట్నం తిప్పుతూ పాడుతుంటే ఇతను నేత ఆపి వినేవాడు. తర్వాత ఆమెకు విషజ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ చెవులు మందగించాయి. తన గొంతు తనకే సరిగా వినపడకపోయేసరికి ఆమె పాట మానేసింది. అప్పటినుంచి ఆ ఇంట్లో సగం మాటలు చేతులతోనే నడిచేవి.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన కొత్తలో, బదిలీ అయి పోతున్న ఒక రైల్వే గార్డు తన బ్యాటరీ రేడియోను గోవిందప్పకిచ్చి, బదులుగా కూతురికి ఒక పట్టుచీర నేయించుకున్నాడు. పొద్దుగూకే వేళ మద్రాసు స్టేషను పలికేది. అయితే అది చిన్న సెట్టు, దాని వాల్వులకు బలం తక్కువ. ఇంట్లో రెండు మగ్గాలు ఆడుతుంటే దాని గొంతు ఎవరికీ వినపడేది కాదు. పాట కావాలంటే మగ్గాలు ఆపాలి. మగ్గాలు ఆపితే తమ్ముడు కుళ్ళాయప్ప ముఖం మాడ్చుకునేవాడు.

గోవిందప్ప రేడియోను గోనెసంచిలో చుట్టుకుని హిందూపురం రైలెక్కాడు. అక్కడ బజారులో గ్రామఫోన్లు బాగుచేసే అమీర్‌సాబ్ అతనికి పాత స్నేహితుడు.

"ఇంతకన్నా పెద్ద సెట్టు యాడన్నా దొరుకుతాదేమో చూడు సాబూ," అన్నాడు గోవిందప్ప.

అమీర్‌సాబ్ సెట్టు విప్పి చూశాడు. "పెద్ద సెట్టు బ్యాటరీలను నమిలి మింగుతాదన్నా. ఈ యుద్ధంలో యాడ తెస్తావు? సెట్టులో ఏం తప్పు ల్యా. ఈ స్పీకరే మొద్దుది. కరెంటు సెట్టుకు చేసింది, దీన్ని కదిలించేకి శానా బలం గావల్ల. కొంచెం ఊదితే గట్టిగా పలికేది తగిలిస్తే సరిపోతాది."

అలాంటివి అతని దగ్గర రెండున్నాయి. ఒకటి పాతకాలపు బాకా స్పీకరు, మెడ వంచిన ఉమ్మెత్తపువ్వులా ఉంది. రెండోది పల్చటి కాగితం గిన్నె ఉన్న కొత్త స్పీకరు. వెనక గట్టి అయస్కాంతం, చుట్టూ వెడల్పాటి వేపచెక్క పలక.

"రెండూ తీసకపో. నీ ఇంట్లో, నీ మగ్గాల మధ్య విను. నచ్చింది పెట్టుకో," అన్నాడు అమీర్‌సాబ్.

మొదటి సాయంత్రం బాకా తగిలించారు. గొంతు మగ్గాల చప్పుడును చీల్చుకుని వీధిలోకి దూకింది. కుళ్ళాయప్ప సంతోషించాడు. గోవిందప్పకు మాత్రం పళ్ళు జివ్వుమన్నాయి. వీణ వాయిస్తుంటే రేకుడబ్బా కొట్టినట్టుంది. పాడేవాళ్ళందరికీ జలుబు చేసినట్టుంది. మూలన నరసమ్మ రాట్నం ఆపి కూర్చుంది. పోగు తెగిందేమో అనుకున్నాడు.

మరుసటి సాయంత్రం పలక స్పీకరు. బాకా అంత గట్టిగా లేదు గానీ మగ్గాల మీదుగా చక్కగా వినపడింది. గొంతు గొంతులా, వీణ వీణలా ఉంది. గోవిందప్ప కళ్ళు మూసుకుని విన్నాడు. పాట అయ్యాక లేచి, తిరిగి ఇచ్చేయడానికి బాకాకు గోనెపట్టా చుట్టసాగాడు.

నరసమ్మ దగ్గరికొచ్చి అడిగింది: "నిన్న పాడినామె ఈ పొద్దు రాల్యేదా?"

గోవిందప్ప చేతులు ఆగిపోయాయి. "నీకు వినపడెనా?"

ఆమె అతని పెదాలు చూసి తలూపింది. "మాటలు తెలీల్యా. పాట తెలిసింది."

పలక స్పీకరు అప్పుడూ పలుకుతూనే ఉంది. ఆమెను తీసుకెళ్ళి దాని ముందర కూర్చోబెట్టాడు. ఆమె చాలాసేపు ఆ కాగితం గిన్నెను చూసి, లేదన్నట్టు చెయ్యి తిప్పింది. బాకా తగిలించాడు. ఆమె ముఖం పక్కకు తిరిగింది, చెవి బాకా వైపుకి వచ్చింది. "ఆ, ఇదే," అంది.

రెండూ కలిపి తగిలించి చూశాడు. ఉన్న కాస్త బలం రెండింటికీ పంచుకుపోయి, అతనికీ తృప్తి లేదు, ఆమెకూ వినపడలేదు. ఆ రాత్రి అతను అన్నం సరిగా తినలేదు. ఏళ్ళ తరబడి కోరుకున్న పాట ఒక్క సాయంత్రం ఇంటికొచ్చింది. దాన్ని వదులుకోవడం అతనికి సులభం కాలేదు.

రెండు రోజులు ఆలోచించి, పలక స్పీకరును హిందూపురం మోసుకెళ్ళాడు.

"ఇదేందన్నా, మంచిదాన్ని తిరిగి తెచ్చినావు?" అమీర్‌సాబ్ ఆశ్చర్యపోయాడు.

"నాకు ఇదే బాగుండాది సాబూ. నరసమ్మకు ఆ బాకానే వినపడ్తాది."

అమీర్‌సాబ్ బాకా అడుగున ఉండే రేకుబిళ్ళను కాస్త సర్దుకుంటే కీచు తగ్గుతుందని చెప్పి, ఎలా తిప్పాలో చేసి చూపించాడు.

ఆ సర్దుబాటుతో కొంత మేలైంది, పూర్తిగా కాదు. గోవిందప్పే మరో ఉపాయం కనుక్కున్నాడు. రేడియో పెట్టే వేళకు వీధి అరుగు మీదికి వెళ్ళి కూర్చుంటే, గోడ అడ్డమొచ్చి ఆ కీచు కొంత మెత్తబడేది. లోపల నరసమ్మ బాకా పక్కనే రాట్నం వేసుకునేది. కొన్నాళ్ళకు ఆమె సన్నగా కూనిరాగం తీయడం అరుగు మీదికి వినపడింది. శ్రుతి ఎక్కడెక్కడికో పోతోంది. తప్పు పట్టడం అలవాటైన గోవిందప్ప ఆ ఒక్క గొంతు దగ్గర నోరు మెదపలేదు.

యుద్ధం ముదిరేసరికి బ్యాటరీలు దొరకడం గగనమైంది. రేడియో వారానికి ఒక్క సాయంత్రమే అనుకున్నారు. గోవిందప్ప కచేరీ ఉన్న రోజు కావాలన్నాడు. నరసమ్మ ఆడవాళ్ళ పాటలు వచ్చే రోజు కావాలంది. ఈ తగువు మాత్రం చేతులతో కాదు, వీధంతా వినేలా నోటితోనే సాగింది. ఎక్కువసార్లు ఆమే గెలిచేది.