బానెట్ తట్టే ఆవిడ

దిల్‌సుఖ్‌నగర్‌లో మా పై ఫ్లోర్ ఆవిడ కారు తీసే ముందు బానెట్ మీద వేళ్లతో మెల్లగా తట్టేది. కింద పడుకున్న వీధికుక్కతో, "లే బిడ్డా, జర జరుగు. ఆఫీస్‌కు పోతున్న" అనేది.

"హారన్ కొడితే లేవదా అమ్మా?" అన్నాను ఒకరోజు.

"నిద్రల మీ చెవి కాడ హారన్ కొడితే ఎట్లుంటది అంకుల్?" అని నవ్వింది.

రోజూ పొద్దున్నే టైం తప్పకుండా ఆ కుక్కకు బిస్కెట్లు పెట్టేది నేను. అది అవి తినేసి, తోక ఊపుకుంటూ ఆవిడ కారు వెంట గేటు దాకా పరుగెత్తేది. అప్పటి నా డైరీల నిండా ఆ కుళ్లే.

ఆవిడ మీర్‌పేట్‌కు ఇల్లు మారింది. ఇప్పుడు నా కారు బానెట్ తట్టి, "లే బిడ్డా, జర జరుగు" అంటాను, అచ్చం ఆవిడ యాసలోనే. కుక్క గబుక్కున బయటికొస్తుంది. నన్ను చూసి, ఇదివరకు ఆవిడ కారు ఆగే చోటికి వెళ్లి వాసన చూస్తుంది.