అలసిపోయిన రాయి

దయ్యాలున్నాయా అని ఎవరైనా అడిగితే నవ్వేసే రకం నేను. చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. కాకినాడ నుంచి సింగపూర్ వచ్చి పదకొండేళ్ళయింది. పాత శిల్పాలూ పురాతన వస్తువులూ ప్యాక్ చేసి విదేశాలకు పంపే గోదాము ఒకటి తువాస్‌లో ఉంది, అక్కడ పని. వస్తువు బరువెంతో కాటా చెబుతుంది, నేను రాసుకుంటాను. అంతకుమించి దానికి ఇంకో సంగతి ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. ఇది చదివి మీరు నమ్మకపోయినా నేనేమీ అనుకోను.

ఆ రాయి ఊరికి ఆ చివరున్న పాసిర్ రిస్‌లోని ఒక ఇంటి నుంచి వచ్చింది. ఆ ఇంటాయన గనుల ఇంజనీరు. పెరూ దేశంలో చాలా ఏళ్ళు పనిచేశాడట, ఈమధ్యే పోయాడు. కూతురు ఆయన సామానంతా యూరప్‌లో వేలానికి పంపేస్తోంది.

రాయి మోకాలెత్తు ఉంది. నల్లగా, నున్నగా ఉంది. ఎక్కడా చెక్కిన గుర్తు లేదు. దానికి రంగురంగుల ఉన్ని గుడ్డ చుట్టి ముడేశారు. గుడ్డకి పురుగు పట్టింది. అలాంటిది గోదాములో ఉంచితే మిగతా సామాను పాడవుతుంది. కూతురికి ఫోన్ చేస్తే పారేయమంది. నేనే ముడి విప్పి, గుడ్డ తీసి చెత్తలో వేశాను.

కాటా మీద పెడితే అరవై మూడు కిలోలు. నా చేత్తోనే రాశాను.

మర్నాడు పొద్దున పెట్టెలో పెట్టేముందు రివాజు ప్రకారం మళ్ళీ తూచాను. ఎనభై ఎనిమిది.

మా సూపర్‌వైజర్ రజాక్ అంకుల్‌ని పిలిచాను. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నాడు. కాటా మీద టెస్ట్ బరువులు పెట్టి చూశాడు. తేడా లేదు. తనే ఎక్కి నిలబడ్డాడు. డెబ్భై నాలుగు, ఎప్పటిలాగే. రాయిని రెండో కాటా మీదికి మార్చాం. తొంభై ఒకటి.

"రాత్రికి రాత్రి రాయి లావైతదా బేటీ?" అన్నాడు. నవ్వుతూ అనలేదు.

మధ్యాహ్నానికి రాయి పైభాగంలో రెండు చోట్ల చెమ్మ కనిపించింది. ఆ గదిలో ఎప్పుడూ ఏసీ ఉంటుంది. గోడకున్న తేమ మీటరులో ఏ మార్పూ లేదు. టిష్యూతో తుడిస్తే ఎర్రగా అంటింది. రాతిలో ఇనుముంటే తుప్పు దిగుతుందిలే అని సర్దిచెప్పుకున్నాను. పది నిమిషాల్లో మళ్ళీ అదే రెండు చోట్ల చెమ్మ.

బరువు మారితే కాగితాలు మార్చాలి కాబట్టి ఆ ఇంటికి ఫోన్ చేశాను. ఈసారి ఎత్తింది పోయినాయన భార్య. పెరూ కొండల్లో పుట్టిన ముసలావిడ. రాయిని పంపేస్తున్నట్టు ఆవిడకి తెలియనే తెలియదు.

"గుడ్డ ఉందా దానికి?" అని అడిగింది. పురుగు పట్టిందని తీసేశామన్నాను.

ఆవిడ మెల్లగా చెప్పింది. స్పానిష్ వాళ్ళు రాకముందు, ఇన్కా అనే రాజుల కాలం నుంచీ వాళ్ళ కొండల్లో అలాంటి రాళ్ళని వాకా అంటారట. రాయిగా మారిన పూర్వీకులట. వాటికి బట్ట కడతారు, మొక్కజొన్న కల్లు పోస్తారు, అడక్కుండా కదపరు, కదిపితే ఆ తప్పు పిల్లల మీదికీ వస్తుందట. రాజుగారి కోట కోసం వేలమంది తాళ్ళతో లాగిన పెద్ద బండ ఒకటి దారిలో అలసిపోయిందట. నెత్తురు కన్నీళ్ళు కార్చి, లాగుతున్న వాళ్ళ మీదే పడిందట.

"అలిసిందంటే ఇక కదలదు. దాన్ని నా దగ్గరికి తెచ్చెయ్యి" అంది.

అంతలో కూతురు ఫోన్ లాక్కుంది. "మమ్మీ మాటలు పట్టించుకోకండి. ఇవాళే పంపండి."

రజాక్ అంకుల్ ఒక్కరోజు ఆగుదామన్నాడు. "విమానం బుక్ అయిపోయింది అంకుల్" అని నేనే సంతకం పెట్టాను.

మూడు గంటలకి ఫోర్క్‌లిఫ్ట్ మీద పెట్టె ఎక్కించారు. అంకుల్ పక్కన నిలబడి దారి చూపిస్తున్నాడు. పెట్టె ఆయన వైపు జరిగింది. ఊగలేదు, వంగలేదు, ఎవరో తోసినట్టు జరిగి ఆయన కాలి మీద పడింది. ఆయన అరుపు నాకిప్పటికీ వినిపిస్తుంది. కెమెరా రికార్డు ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. ఫోర్కులు సమంగా ఉన్నాయి, నేల పొడిగా ఉంది, కట్టిన బెల్టు తెగలేదు. అయినా పెట్టె బెల్టు దాటి ఎలా బయటికొచ్చిందో విచారణకొచ్చిన వాళ్ళూ తేల్చలేకపోయారు.

అంకుల్ కుడి పాదం తీసేశారు.

ఆసుపత్రి నుంచి వచ్చి నేను చెత్త డబ్బా దగ్గరికి పరుగెత్తాను. ఖాళీగా ఉంది. గుడ్డ అప్పటికే చెత్తబండిలో వెళ్ళిపోయింది. ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు, పెట్టె తెరిచి, నా చున్నీ తీసి రాయికి చుట్టి ముడేశాను. తర్వాత కాటా మీద పెట్టించి తూచాను. అరవై మూడు.

ప్రమాదం తర్వాత కూతురు రాయిని వెనక్కి తెచ్చెయ్యమంది. రెండు రోజులాగి రాయిని పాసిర్ రిస్‌కి తీసుకెళ్ళాం. ఇద్దరు మనుషులు తేలిగ్గా లోపల పెట్టి వెళ్ళారు. ముసలావిడ దాని పక్కన కింద కూర్చుంది.

"గుడ్డ విప్పిందెవరు?"

"నేనే."

"పంపించిందెవరు?"

"నేనేనండీ."

ఆవిడ రాయికి చెవి ఆనించి వాళ్ళ భాషలో ఏదో అడిగింది. చాలాసేపు అలాగే వింది. ఏమందో నాకు చెప్పలేదు. నేను లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చి చెయ్యి పట్టుకుంది.

"నీకు పిల్లలున్నారా?" అంది.

లేరని చెప్పాను.

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. ఆ బరువులెందుకు మారాయో, పెట్టె ఎలా జరిగిందో నాకు తెలిసిన చదువులో జవాబు దొరకలేదు. నాకు ఆరేళ్ళ పాప ఉంది. ఆ పూట ఎందుకు అబద్ధం చెప్పానో కూడా నాకు తెలియదు. ముసలావిడ మాత్రం నమ్మినట్టు కనిపించలేదు.