దుప్పటి కింద ఓబులమ్మవ్వ

నేనొక మనిషిని చంపాను. అదీ స్కూటరు దిగకుండా, కనీసం ఇంజను ఆపకుండా. నవ్వకండి, పూర్తిగా వినండి.

ప్రొద్దుటూరులో వీధివీధీ తిరిగి ఎవరు పుట్టారో, ఎవరు పోయారో ఫోనులో ఎక్కించే ఉద్యోగం వచ్చిన కొత్త. పులివెందులలో పెరిగినవాణ్ణి, ఎండ నన్నేం చేస్తుందనుకున్నాను. ఆ పొగరు రెండు రోజుల్లో దిగింది. దాంతో సొంతంగా ఒక శాస్త్రం కనిపెట్టాను. వీధిలో షామియానా కనబడితే చాలు: కింద జనం నవ్వుతుంటే పుట్టుక, తలలు వాల్చుకుని ఉంటే చావు. ఇంత తెలివి ఆఫీసులో ఇంకెవరికీ లేదని నా గట్టి నమ్మకం.

ఒక మధ్యాహ్నం అలాంటి షామియానా ఎదురైంది. కుర్చీల్లో అందరూ తలలు వాల్చేశారు. నడుమ మంచం, మంచం మీద తల నుంచి కాళ్ల దాకా తెల్ల దుప్పటి కప్పిన మనిషి. స్కూటరు మీదే చేతులు జోడించాను. ఫోనులో చూస్తే ఆ ఇంట్లో ముసలిమనిషి ఓబులమ్మ ఒక్కతే. కారణం దగ్గర ‘వృద్ధాప్యం’ అని ఎక్కించి, ఒక నిట్టూర్పు కూడా విడిచి వెళ్లిపోయాను.

నాలుగో రోజు పొద్దున ఓబులమ్మవ్వ ఆఫీసుకొచ్చింది. చంకలో మునిమనవడు.

“నన్ను సంపిన అబ్బి ఎవురు?”

ఆఫీసంతా నా వైపు చూసింది.

“అవ్వా, మీ ఇంటి ముందర షామియానా...”

“ఆ పొద్దు వీనికి పేరు పెట్టినాం. కడుపునిండా తిని అందురూ కునుకు తీస్తాండారు. నేను ఈగలకు తాళలేక దుప్పటి కప్పుకున్న్యా. దిగి ఒక మాట అడిగింటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?”

“తప్పయింది అవ్వా.”

“తప్పు సరే. ఒకటో తేదీ పింఛను రాదంటాండారు. నేను బతికే ఉండానని నువ్వే రాయల్ల.”

చంపడానికి ఒక్క వేలు సరిపోయింది. బతికించడానికి ఫోను ఒప్పుకోలేదు, రుజువు కావాలంది.

“మనిషి ఎదురుగా నిలబడి తిడుతోంది కదా సార్,” అన్నాను పెద్ద గుమాస్తా ఖాదర్ సారుతో.

“తిట్లు ఫైల్లో పెట్టలేమప్పా. పాత వేలిముద్ర ఏదన్నా ఉంటే సూడు.”

అవ్వ నవ్వింది. “పుట్టినోళ్ల పాత బుక్కులు తీయప్పా.”

ఖాదర్ సారు దుమ్ము దులిపి తెరిచాడు. పేజీ తర్వాత పేజీ, బిడ్డ తర్వాత బిడ్డ, ‘తెలిపినవారు’ అన్న గడిలో ఓబులమ్మ, మంత్రసాని అని రాసి పక్కన ఒకటే వేలిముద్ర. ఖాదర్ సారు ఇద్దరు కూతుళ్ల పేర్ల పక్కనా అదే. రోజూ నేను లెక్క రాసే జనంలో ఎంతమందిని ఈవిడ ఈ లోకంలోకి తెచ్చిందో.

“నువ్వు యాడ పుట్టినావు అబ్బీ?”

“ఈ ఊళ్లోనే, మా అమ్మ పుట్టింట్లో.” అమ్మ పేరు చెప్పాను.

అవ్వ నన్ను కాసేపు తేరిపార చూసింది. “మెడకు పేగు సుట్టుకోని వచ్చినావు. ఏడుపే లేదు. లాభం లేదని అందురూ వదిలేసినా నేను వదల్లే.”

ఖాదర్ సారు నా పుట్టిన సంవత్సరం అడిగి ఇంకో పుస్తకం తీశాడు. నా పుట్టుక, పక్కన ఆ ముద్ర. అవ్వ బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీద పెట్టింది. అవే సుడులు. ఈసారి నిజంగానే చేతులు జోడించాను. సిగ్గు ఆ తర్వాత వచ్చింది.

“నువ్వు బతికినావని నేను ఏలు ఏసినా. నేను సచ్చినానని నువ్వు ఏలు ఏసినావు,” అంటూ మునిమనవణ్ణి నా ఒళ్లో పెట్టింది. “సరే, ముందు వీని పేరు ఎక్కించు.”

ఎక్కించాను. వాడు నా ప్యాంటు తడిపాడు. సాయంత్రానికి అవ్వ మళ్లీ బతికింది, ఒకటో తేదీ పింఛనూ అందుకుంది.

కాబట్టి నన్ను ఈ లోకంలోకి లాగిన ఆ బొటనవేలి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట బండి దిగకుండా ఎవర్నీ చంపను.