బావకు ఇప్పించిన మంచి పేరు

ఉప్పల్‌లో ఒక డాక్టర్‌తో నేను ఆడినంత గొప్ప బేరం మా వంశంలో ఎవరూ ఆడి ఉండరు. మా నాన్నది కిరాణా కొట్టు, బాబాయిది బట్టల దుకాణం, నాది నాచారంలో స్టీలు సామాను. అందరం బేరాల మీద బతికినవాళ్లమే. కానీ దొంగతనంలో దొరికిన మనిషికి రావలసిన జీతంతో పాటు మంచి పేరు కూడా ఇప్పించి బయటికి తెచ్చిన ఘనత నా ఒక్కడిదే.

దొరికింది మా అక్క భర్త. ఆ డాక్టర్ నర్సింగ్ హోమ్‌లో మేల్ నర్సు. ఆపరేషన్ అయినవాళ్లకు ఇవ్వాల్సిన నొప్పి ఇంజెక్షన్ తానే పొడుచుకుంటూ బాత్రూంలో పట్టుబడ్డాడు. డబుల్ డ్యూటీలతో నడుము పట్టేసి మొదలుపెట్టాడట. నడుము నొప్పి పోయింది, సూది పోలేదు.

డాక్టర్ నన్ను పిలిపించాడు. మంచివాడే.

“సేటూ, పోలీసులకు జెప్ప. నా దోస్తు దగ్గర ఇసుంటోళ్లను మాన్పిచ్చే వార్డు ఉన్నది. నలభై రోజులు ఉంచు. వచ్చినంక మళ్ల నా దగ్గర్నే జేస్తడు. మందుల అల్మారా తాళం మాత్రం ఇయ్య.”

నాకు వినపడింది నలభై రోజుల జీతం కోత. ఆ వార్డు సంగతి తెలిస్తే బజారు ఏమంటుందోనన్న భయం దాని వెనకే వచ్చింది.

“వార్డు గీర్డు ఎందుకు సాబ్, ఆయనే మానేస్తడు. లెక్క జేసి పంపియ్యున్రి. ఎవలన్న ఫోన్ జేసి అడిగితే మంచోడని ఒక్క మాట జెప్పున్రి.”

“అబద్ధం ఆడమంటవా?”

“పని మంచిగ జేస్తడా లేదా? గదే జెప్పున్రి. లొల్లి అయితే మీ దవాఖానా పేరు గూడ బైటికొస్తది.”

ఆయనకూ బయట బోర్డు మీద పేరుంది. సరేనన్నాడు. గేటు దాటుతుంటే బావ మెల్లగా అన్నాడు, “వార్డుకు పోతెనే మంచిగుండునేమో, బామ్మర్దీ.”

“జర ఊకో బావా. గింత మంచిగ మాట్లాడుకొస్తె,” అని కసిరాను.

చిన్న దవాఖానాల్లో ఉద్యోగం అంటే ఒక ఫోన్ కాలే. నాచారంలో ఇంకో చోట నుంచి అడిగారు, ఉప్పల్ డాక్టర్ మాట నిలబెట్టుకున్నాడు. పసిపిల్లల నరం కూడా ఒకే పోటుకు దొరకబట్టే చెయ్యి మా బావది. కొద్ది వారాల్లోనే అక్కడి అల్మారా తాళం ఆయన జేబులోకి వచ్చింది.

“తమ్మీ, మీ బావ గింత ఎండలల్ల గూడ పూరా చేతుల అంగీ ఎందుకేస్తుండురా?” అని అక్క అడిగేది. నేను బావను నిలదీస్తే, “డోసు నాకు తెల్వదా? రోజు మందికి ఇచ్చేటోన్ని,” అనేవాడు. నేనేమో అక్కడ కూడా బేరమే ఆడాను. రోజు విడిచి రోజు అన్నాను, సరేనన్నాడు. వారానికి ఒకటన్నాను, దానికీ సరే. నాకు ఒళ్లు మండేది అక్కడే. బేరమాడకుండా ఒప్పుకునేవాడు డబ్బు కట్టడని మా నాన్న ఊరికే అనలేదు.

రాష్ట్రం కోసం బంద్‌లు జరుగుతున్న రోజులవి. ఒక బంద్ నాడు పెద్ద సిస్టర్ తప్ప మిగతా నర్సులెవరూ రాక, దవాఖానాలో సూదుల పని బావ మీదే పడింది. దుకాణం మూసి టిఫిన్ డబ్బా తీసుకుపోయాను. ఫ్యాక్టరీలో ప్రెస్ మిషన్ కింద వేళ్లు నలిగి ఆపరేషన్ అయిన ఒకాయన మంచం పట్టీ పట్టుకుని అరుస్తున్నాడు. నేనూ దవాఖానా మనిషినే అనుకుంది ఆయన భార్య.

“అన్నా, సూది ఏసి గంటైంది. ఏం తగ్గుతలేదు, జర సూడున్రి.”

బావ పక్కనే ఉన్నాడు. కళ్లు సగం మూతపడి ఉన్నాయి, మొహంలో ఏ చీకూ చింతా లేదు. “కొందరికి ఓర్చుకునే తాకత్ తక్కువుంటదమ్మా,” అన్నాడు.

ఆమె మొగుడి వైపు తిరిగింది. “జర ఓర్సుకోవయ్యా. అందరు సూస్తున్రు.”

ఆయనకు వేసిన సూదిలో ఉన్నది ఉత్త నీళ్లని, మందు బావ ఒంట్లో ఉందని నాకు అర్థమైంది. అప్పుడు కూడా వెంటనే కదల్లేదు. చెబితే ఏం పోతుంది, చెప్పకపోతే ఏం మిగులుతుంది అని లెక్క వేస్తూ డబ్బాతో నిలబడ్డాను. ఆయన మళ్లీ అరిచాడు. అప్పుడు పోయి పెద్ద సిస్టర్‌కు చెప్పాను. ఆమె తన చేత్తో ఇంకో ఇంజెక్షన్ ఇచ్చింది. కాసేపటికి ఆయన నిద్రపోయాడు.

“నీకు ముందుగాలనే ఎరుకనా?” అని అడిగింది సిస్టర్.

“ఎరుకనే,” అన్నాను.

చివరికి బావ ఆ మాన్పించే వార్డుకు పోయాడు. అప్పటికి చేతిలో ఉద్యోగం లేదు. వచ్చాడు, మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ పోయాడు. ఇప్పుడు మానేశాడు. ఏ దవాఖానా సూది పట్టుకోనివ్వదు కాబట్టి నా దుకాణంలో గిన్నెల మీద పేర్లు కొడుతున్నాడు. అక్షరాలు ముత్యాల్లా వస్తాయి.

ఇక బిల్లు. నా బేరంతో మిగిలింది నలభై రోజుల జీతం. పోయింది బావ నేర్చిన పని, అక్క నిద్ర. ఇవి మా ఇంటి ఖర్చులు, మేమే భరించాం. ఆ ప్రెస్ కార్మికుడు పడ్డ బాధ మా ఇంటిది కాదు. ఆయనకంటే ముందు ఇంకెందరని బావను ఒకసారి అడిగాను. గిన్నె మీద నుంచి తల ఎత్తలేదు.

“యాదికి లేదు, బామ్మర్దీ.”

ఎందరో నాకూ తెలియదు. ఎందరైనా వాళ్ల నొప్పి నా బేరం ఖర్చే. ఆ ఖర్చు నేను వాళ్లనెవరినీ అడిగి పెట్టలేదు.