తూము దగ్గరి రాయి

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. పెళ్లయిన రెండో ఏడు. చిత్తూరులో కోర్టుల వెనక వీధిలో కాపురముండేవాళ్లం. మా ఆయన హైస్కూల్లో చరిత్ర చెప్పేవారు. ఇద్దరు స్నేహితులతో కలిసి చరిత్ర సంఘమని ఒకటి పెట్టుకున్నారు. ఆదివారాలు పల్లెలకు పోయి, పాత శాసనాలున్న రాళ్ల మీద తడి కాగితం పరిచి, బ్రష్షుతో తట్టి, పైన మసి అద్దేవారు. నల్లటి కాగితంలో అక్షరాలు తెల్లగా లేచేవి. వాటిని నోటుబుక్కులోకి ఎత్తి రాసే పని నాది.

కాగితం కరువైపోయింది. జీతంలోంచి ఎన్నాళ్లని పెడతారు? సాయం చేయమని జిల్లా బోర్డుకు అర్జీ పెట్టారు. కొన్నాళ్లకు బోర్డు మెంబరొకాయన విచారణకు మా ఇంటికే వచ్చాడు.

కాగితాలు తిరగేసి, "ఏందప్పా ఇది? జనం బాయిలు కావాలంటా ఉండారు, బళ్లు కావాలంటా ఉండారు. ఈ మసి కాగితాలకు దుడ్డు ఎట్లిచ్చేది?" అన్నాడు.

క్లాసులో గంటసేపు ఆగకుండా మాట్లాడే మా ఆయన తల వంచుకుని కాగితాలు చుట్టబెట్టసాగారు. చెవులు ఎర్రబడ్డాయి. తలుపు చాటునుంచి చూస్తున్న నాకు ప్రాణం ఉసూరుమంది. ధైర్యం చేసి ముందుకొచ్చాను.

"మీది యా ఊరన్నా?"

నగరి పక్కన ఒక పల్లె పేరు చెప్పాడు. ఆ ఊరి చెరువు తూము దగ్గరి రాతి మీద ఉన్న శాసనం నేను ఎత్తి రాసిందే. నోటుబుక్కు తీసి చదివాను. ఒక తల్లి, చనిపోయిన కొడుకు పేరు నిలవాలని ఆ తూము కట్టించిందట.

మెంబరు నోటుబుక్కు మీదికి వంగాడు.

"ఆ రాతి మీదనేమ్మా మాయమ్మ గుడ్డలుతికేది. ఏందో గీతలనుకున్యాం. ఇంగోసారి సదువు."

మళ్లీ చదివాను.

అడిగినదాంట్లో సగమే మంజూరైంది, అదీ ఆ ఒక్క ఏడాదికే. అయినా కాగితానికీ బస్సు చార్జీలకూ సరిపోయింది. ఉత్తరం వచ్చిన రోజు మా ఆయన, "సంఘంలో నాలుగో మనిషివి నువ్వే. ఆదివారం నువ్వూ రావాల" అన్నారు.

మొదట ఆ పల్లెకే పోయాం. మెంబరు తల్లి కర్ర పట్టుకుని తూము దగ్గరికి వచ్చింది. అక్షరాలు తడిమి, "ఎన్నేండ్లు ఆ బిడ్డ పేరు మింద గుడ్డలు బాదినానో! ఏం పేరమ్మా వానిది?" అంది. చెప్పాను. నోరు తిరగక మెల్లగా రెండుసార్లు అనుకుంది. తర్వాత మా నలుగురినీ ఇంటికి తీసుకుపోయి, సంగటి తినేదాకా కదలనీయలేదు.